రోజుకో లీటరు

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చొక్కా పైకెత్తి మచ్చ చూపిస్తూ కథ చెబుతారు. నాకూ బొడ్డు చుట్టుపక్కల నాలుగు మచ్చలున్నాయి, ఒక్కోటి మినపగింజంత. వాటి వెనక చెప్పుకోదగ్గ కథేమీ లేదు. అసలు మచ్చ నా పరువు మీద పడింది. దాన్ని చొక్కా ఎత్తి చూపించడం కుదరదు కాబట్టి ఇలా కూర్చుని రాయాల్సి వస్తోంది. ఘోరం జరిగిన మాట వాస్తవం. చేసింది నేనే.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. కాపురం వుడ్‌ల్యాండ్స్‌లో, ఉద్యోగం చాంగీ బిజినెస్ పార్కులో. అంటే ఈ బుల్లి ద్వీపదేశానికి ఆ చివర ఇల్లు, ఈ చివర ఆఫీసు, మధ్యలో రైల్లో నిద్ర. ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగుల వివరాలుండే డేటాబేసు చూసుకోవడం నా పని. ఎవరో ఒకరు ఫోన్ చేసి "పొరపాటున తప్పు ఎక్కించాను, తీసెయ్యండి ప్లీజ్" అని బతిమాలేవారు. "ఎక్కిందాన్ని తీసెయ్యడం కుదరదండీ, కావాలంటే కింద ఒక నోట్ చేరుస్తాను" అనేవాడిని. ఎంత ధీమాగా అనేవాడినో. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది నా గాల్ బ్లాడర్లో రాళ్ళున్నాయని, తీసెయ్యాలని డాక్టర్లు తేల్చారు. నేను ఇంట్లో మహా ధైర్యంగా ప్రకటించాను. "చిన్న ఆపరేషన్ సుజాతా, పన్ను పీకించుకున్నట్టే. నువ్వు సెలవు పెట్టక్కర్లేదు, టెస్టులకి నేనొక్కడినే వెళ్ళొస్తా." సుజాత నా భార్య. ఆమె ఊరుకోలేదు, తెనాలి నుంచి వాళ్ళ నాన్నగారిని పిలిపించింది. మావయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. నాకు పిల్లనిచ్చేముందు ఆయన ముగ్గురు సంబంధాలవాళ్ళని వెనక్కి పంపారు. వాళ్ళు నాకంటే అందగాళ్ళు, నాకంటే పెద్ద జీతాలవాళ్ళు. నాలో ఆయనకి నచ్చిన అర్హత ఒక్కటే. "కుర్రాడు కాఫీ కూడా తాగడు" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ ఇంట్లో నా కుర్చీకున్నది ఆ ఒక్క కాలే.

ఆపరేషన్‌కి పదిహేను రోజుల ముందు మధ్యాహ్నం, ఆఫీసు పక్క హాకర్ సెంటర్లో శ్రీశైలంతో భోజనానికి కూర్చున్నాను. శ్రీశైలం నా సహోద్యోగి, వరంగల్ వాడు, మంచివాడు. మంచివాళ్ళు ఇచ్చే సలహాలు ఎంత ప్రమాదమో నాకప్పటికి తెలియదు.

"అన్నా, మత్తు ఇస్తరు కద. జర పైలం," అన్నాడు.

"ఎందుకు?"

"మా బావమర్ది వాళ్ళ మేనేజర్‌కి ఆపరేషన్ నడుస్తుంటే మధ్యల మెలకువొచ్చింది. నోరు లేస్తలేదు, చెయ్యి లేస్తలేదు. డాక్టర్లు మాట్లాడుకునేదంతా వినవడ్డదంట."

"ఏం మాట్లాడుకున్నారు?"

"మధ్యాహ్నం ఏం తిందామని."

నా చేతిలో చపాతీ ముక్క అక్కడే ఆగిపోయింది.

"నీకే ఎక్కువ రిస్కన్నా," అని శ్రీశైలం తాపీగా సాంబారు కలుపుకున్నాడు. "తాగేటోళ్ళకి మత్తు జల్ది ఎక్కదని డోసు గట్టిగ పెడ్తరు. నీ అసొంటోళ్ళకి పేరుకింత ఇచ్చి వదిలేస్తరు. మధ్యల లేస్తవ్ మరి."

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. మామూలు భయం కాదు, స్నానం చేస్తుంటే కూడా వెంటాడే భయం. నా ఉద్యోగం దానికి తోడైంది. ఆపేశామనుకున్న సర్వరు మరమ్మతు మధ్యలో తనంతట తాను లేచి కూర్చోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇనప డబ్బాయే లేచి కూర్చుంటే రక్తమాంసాలున్నవాడిని, నేను లేవనా? ఆ మాట సుజాతతో చెప్పుకుంటే సరిపోయేది. కానీ పన్ను పీకించుకున్నట్టే అని కోతలు కోసినవాడు మర్నాడు ఏ మొహం పెట్టుకుని భయమేస్తోందంటాడు?

కాబట్టి బుద్ధిమంతుడినై ఒక పథకం వేశాను.

ఆపరేషన్‌కి వారం ముందు మత్తు డాక్టరు పిలిచి వివరాలు అడుగుతుంది. చిన్నపాటి ఆకారం, పెద్ద కళ్ళజోడు ఉన్న చైనీస్ డాక్టరమ్మ. మా మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. తెలుగులో చెప్పుకుంటే కాస్త సిగ్గు తగ్గుతుందని ఇలా రాస్తున్నాను.

"సిగరెట్ కాలుస్తారా?"

"లేదు."

"మద్యం?"

గుండె దిటవు చేసుకున్నాను. "తాగుతాను డాక్టర్."

"ఎప్పుడెప్పుడు?"

"రోజూ."

ఆమె నా నుదుటి మీద విభూతిని చూసింది, ఆ కింద కుంకుమ బొట్టుని చూసింది, టైపు చేసింది. "ఏం తాగుతారు?"

"విస్కీ." నాకు తెలిసిన పేరు అదొక్కటే.

"ఎంత?"

ఇక్కడ దొరికిపోయాను. విస్కీని ఏ కొలతతో కొలుస్తారో నాకు తెలియదు. ఇంట్లో నాకు తెలిసిన ద్రవపదార్థాలు పాలు, మజ్జిగ. ఆ లెక్కలోనే చెప్పాను. "ఒక లీటరు."

"వారానికా?"

తక్కువ చెబితే డోసు తగ్గుతుందేమోనని భయమేసింది. "రోజుకి."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "రోజుకో లీటరు?"

"శని, ఆదివారాలు కొంచెం అటూ ఇటూ."

"ఏ టైంలో?"

"రాత్రి పెరుగన్నం తిన్నాక."

"పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా?"

వణికితే ఇంకో రెండు చుక్కలు ఎక్కువ ఇస్తారేమో, పోయేదేముంది అనుకున్నాను. "కొంచెం," అని నమ్మకం కలగడానికి చెయ్యి చాచి వణికించి చూపించాను.

"ఆఖరుసారి ఎప్పుడు తాగారు?"

"ఈ పొద్దున్నే." ఆ పొద్దున్న నేను తాగింది రాగిజావ.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఆమె గొంతులో వినిపించిన జాలి నాకిప్పటికీ గుర్తే. "ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. చాలామంది దాస్తారు. మీరు నిజాయితీపరులు."

"మరైతే డోసు ఎక్కువ ఇస్తారు కదా?" అన్నాను ఆశగా.

"డోసు మీరు చెప్పే మాటని బట్టి ఇవ్వం. ఆపరేషన్ అయ్యేదాకా నేను మీ తల దగ్గరే ఉంటాను. మెషీన్లు చూస్తూ ఎంత కావాలో అంత ఇస్తూనే ఉంటాను. ముందు మీ లివర్ సంగతి చూడాలి. ఆపరేషన్ వాయిదా వేస్తున్నాం. హఠాత్తుగా మానెయ్యకండి, ప్రమాదం. తాగుడు మాన్పించే కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ పెడతాను."

అంటే నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే ఒకటి, దానికి జవాబు అర నిమిషం. ఆ అర నిమిషానికి సిగ్గుపడి నా తాగుడు చరిత్ర అంతా చెప్పాను. "డాక్టర్, లీటరు కాదు, అరలీటరే," అని వెనక్కి తగ్గబోయాను. ఆమె తల పంకించి ఆ మాటా టైపు చేసుకుంది.

అంతటితో అయిపోతే ఇది కథ కాదు. ఏ ఫారంలోనైనా ఫోన్ నంబరు దగ్గర సుజాత నంబరు రాయడం నా అలవాటు. నా ఫోను ఆఫీసువాళ్ళ కోసం ఖాళీగా ఉండాలని. ఆసుపత్రి ఫారంలోనూ అదే రాశాను. నేను రైల్లో వుడ్‌ల్యాండ్స్ చేరేలోపు మెసేజ్ సుజాతకి చేరింది. మద్యం కౌన్సెలింగ్, మంగళవారం, పదిన్నర, కుటుంబసభ్యులు వెంట రావచ్చు.

తలుపు తీసిన సుజాత కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచండీ?"

"ఏది?"

"తాగుడు."

సోఫాలో మావయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే అర్థమైంది, నా నిజం నా అబద్ధం కంటే అధ్వానంగా ఉందని.

"మత్తు ఎక్కువ ఇస్తారని తాగుబోతునని చెప్పారా?" అంది సుజాత.

"అవును."

"ఎవరైనా నమ్ముతారా ఈ మాట?"

"నువ్వు నమ్ముతావనే కదా చెబుతున్నాను."

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అల్లుడుగారూ, మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయనా ఇలాగే ఎంతో అందంగా చెప్పేవాడు."

ఆ పూట నా పదేళ్ళ కాపురం మీద విచారణ జరిగింది. రైల్లో నిద్రపోయి ఆఖరి స్టేషను దాకా వెళ్ళిపోయిన రోజులు బయటికొచ్చాయి. బిర్యానీ తిన్నాక సోంపు నమలడం, వాసన కప్పెట్టడానికే అని తేలింది. శుక్రవారాలు ఆఫీసులో ఆలస్యం కావడం సరేసరి. పోయినేడాది పెళ్ళిరోజు మర్చిపోవడం కూడా ఆ ఖాతాలోకే వెళ్ళింది. ఒక్కోదానికీ మావయ్యగారు "ఊఁ" అంటుంటే నాకే నా మీద అనుమానం మొదలైంది.

చివరికి సుజాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. ఆమె కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. అది చూస్తే నా లోపలి రాళ్ళకంటే ఎక్కువ నొప్పి పుట్టింది.

"సుజాతా, నాకు భయమేస్తోంది," అన్నాను. "కోస్తుంటే మెలకువొచ్చి, పిలుద్దామంటే నోరు రాకపోతే ఏం చెయ్యాలని. నిద్ర పట్టి వారం దాటింది."

ఆమె గిన్నె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. పదేళ్ళ కాపురంలో నేను భయమేస్తోందని అనడం అదే మొదటిసారి. నమ్మింది. "ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదండీ. ఇంత నాటకం ఎందుకాడారు?" అని కొంగుతో నా మొహం తుడిచింది. నేను ఏడుస్తున్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్త పరీక్షలు ఆమె ముందే ఉన్నాయి. "రోజుకో లీటరు తాగేవాడికి ఇంత శుభ్రమైన లివర్ ఉండటం నేను చూడలేదు," అంది. నేను తల దించుకుని అంతా చెప్పేశాను. సుజాత అందుకుని, "డాక్టర్, ఈయన ఆఫీసులో కేకు ఇస్తే అందులో రమ్ ఉందేమోనని ఇంటికి తెచ్చి నాతో వాసన చూపిస్తారు," అంది. డాక్టరమ్మ పెదవుల మీద నవ్వు మొదలవుతోంది. ఇంకొక్క నిమిషం ఆగితే గండం గట్టెక్కేవాడిని.

మావయ్యగారు లేచి నిలబడ్డారు. అల్లుడి తరఫున ఒక మాట చెప్పడం తన ధర్మం అనుకున్నట్టున్నారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ఇంగ్లీషులో, ప్రతి మాటా విడదీసి పలికారు. "డాక్టర్, మా అల్లుడు బంగారం లాంటివాడు. తాగుతాడు. కానీ తాగి ఒక్కనాడూ మా అమ్మాయిని పల్లెత్తు మాట అనలేదు."

డాక్టరమ్మ నవ్వు ఆపేసి, ఫైలులో ఏదో రాసుకుంది. పరీక్షలు బాగున్నాయి కాబట్టి ఆపరేషన్‌కి మాత్రం ఒప్పుకుంది.

ఆపరేషన్ రోజున బల్ల మీద ఆమె నా తల దగ్గరే నిలబడి, "ఎక్కడికీ వెళ్ళను, సరేనా? పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి," అంది. పది, తొమ్మిది, ఎనిమిది. నాకు అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. శ్రీశైలం చెప్పినట్టే అయింది, నాకు మత్తు ఎక్కలేదు. పైన దీపాలు, పక్కన ఎవరివో గొంతులు. ఒకామె ఇంకొకామెతో మధ్యాహ్నం చికెన్ రైస్ తిందామా అంటోంది. సరిగ్గా అదే మాట. కడుపులో నొప్పి కూడా తెలుస్తోంది. ఇక కాసేపట్లో నోరు పడిపోతుందని, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాను.

"చాల్లేదు! నాకు చాల్లేదు! ఇంకొంచెం పొయ్యండి. నాకు లీటరు అలవాటు."

కళ్ళు పూర్తిగా తెరిచాక తెలిసింది, అది వార్డు. ఆపరేషన్ అయిపోయి రెండు గంటలైంది. మంచం పక్కన సుజాత రెండు చేతులతో మొహం కప్పుకుని వణికిపోతోంది, నవ్వుతో. కాళ్ళ దగ్గర మావయ్యగారు. ఆయన నవ్వలేదు. తమిళ నర్సుకి నా తెలుగు అర్థమైందో లేదో గానీ, లీటరు మాట బాగానే అర్థమైంది. ఫైలు చూసి, నిట్టూర్చి, రాసుకుంది. మావయ్యగారు నా పాదం మెల్లగా నిమిరి, "మానేద్దురుగాని లెండి, మెల్లగా," అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జలుబు చేసి ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్ళాను. కుర్ర డాక్టరు స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, తలుపు వేసి ఉందో లేదో చూశాడు. "సర్, ఇప్పుడు తాగుడు ఎలా ఉంది?" అన్నాడు మెత్తగా.

"నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. అది పొరపాటున ఎక్కింది, తీసెయ్యండి ప్లీజ్."

"ఎక్కిందాన్ని తీసెయ్యడం కుదరదు సర్. కావాలంటే కింద ఒక నోట్ చేరుస్తాను."

చేర్చాడు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు కూడా. పైన, రోజుకో లీటరు విస్కీ. దాని కింద, తాగుతున్నట్టు రోగి ఒప్పుకోవడం లేదు.

ఆసుపత్రివాళ్ళు నా రాళ్ళని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. జన్మలో నా పేరు మీద ఇంటికొచ్చిన సీసా అదొక్కటే. దాని మీద కుడిచెయ్యి పెట్టి, అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ డాక్టరు ఏమడిగినా నిజమే చెబుతాను. భయమేస్తే భయమేస్తోందనే చెబుతాను. తెలియని కొలతల జోలికి చచ్చినా పోను. ఇవన్నీ పూర్తి స్పృహలో ఉండి రాస్తున్న మాటలు. అనుమానముంటే సుజాతని అడగండి. మావయ్యగారిని మాత్రం అడక్కండి.