నల్లగుడ్డ కట్టిన ఆవు

డెబ్బైల్లో తీసిన ఆ సినిమాని ఆల్ప్స్ కొండల్లోని ఓబర్‌లైటెన్ ఊళ్లో తిట్టనివాళ్లు లేరు. అది చూసి వచ్చిన అతిథులకు గదులు అద్దెకివ్వనివాళ్లూ లేరు. బుర్గి ఒక్కతే తిట్టలేదు. అందులో నడిచింది ఆమె ఆవులే.

ఆ వేసవిలో ఆమె భర్త కాసియన్, కొండమీది మేతబీడులో తప్పిపోయిన దూడను వెతుకుతూ తడిబండ మీద కాలుజారి లోయలో పడిపోయాడు. శరత్కాలంలో మందలు ఊళ్లోకి దిగేటప్పుడు ఆవుల తలలకు పూల కిరీటాలు పెడతారు. బీడులో చావు జరిగితే పెట్టరు. మెడగంటల్లో ఎండుగడ్డి కూరి, ముందు నడిచే ఆవు కొమ్ములకు నల్లగుడ్డ చుట్టి, చప్పుడు లేకుండా తోలుకొస్తారు. జనం టోపీలు తీసి నిలబడతారు. సమాధి దగ్గర పాదిరి ఎంతసేపు మాట్లాడినా బుర్గికి కన్నీరు రాలేదు. మంద దిగే రోజున వస్తుందిలే అనుకుంది.

సరిగ్గా అప్పుడే మ్యూనిక్ సినిమావాళ్లు వీటస్ సత్రంలో దిగారు. సగం బట్టల అమ్మాయిలు, నిచ్చెనలేసి వాళ్ల కిటికీలెక్కే పర్యాటకులు, గడ్డపార పట్టుకుని వెంటపడే రైతులు. ఇదీ కథ. చివర్లో మంద దిగాలట. చాలామంది అప్పటికే పశువుల్ని అమ్ముకున్నారు. మంద మిగిలింది బుర్గికే.

"పూలు వద్దంటే మానెయ్, నల్లగుడ్డే కట్టుకో," అన్నాడు సత్రం యజమాని వీటస్. "నువ్వు కాదంటే వాళ్లు పక్క లోయకి పోతారు. ఊరంతా నిన్నే అంటుంది, బుర్గీ."

గుడ్డ ఉంటే చాలనుకుంది బుర్గి. దాన్ని చూశాక సినిమావాళ్లయినా నోరు మూసుకుంటారనుకుంది. ఆ గుడ్డకు అర్థం లోకమంతటికీ తెలుసనుకోవడం ఆ కొండల్లో పుట్టినవాళ్లే చేయగల పొరపాటు.

మంద దిగిన రోజు జనం టోపీలు తీశారు. పెట్టుకుని చేతులూపమన్నాడు దర్శకుడు. మందను వెనక్కి తిప్పి మళ్లీ నడిపించాడు. బుర్గికి ఏడుపు రాలేదు.

వసంతంలో పట్నం హాల్లో బొమ్మ పడింది. అందులో ఒక సరసాల విధవ ప్రియుడి కిటికీలోంచి దూకుతుంది. ఆమె నల్ల లోపావడా, కింద పోతున్న ఆవు కొమ్ములకు చిక్కుకుంటుంది; దాంతోనే బుర్గి మంద ఊళ్లోకి దిగుతుంది. హాలు గొల్లుమంది. సమాధి దగ్గర బుర్గిని పొదివి పట్టుకున్న వీటస్ భార్య కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బుర్గి తనవైపే చూస్తోందని గమనించి, "సినిమాయే కదే," అంది.

ఆపైన వచ్చిన ప్రతి అతిథీ పావడా ఆవు ఏదని అడగడమే. బుర్గి తన ఆవును చూపించడానికి ఒప్పుకోకపోతే వీటస్ తానే ఒక ఆవును కొని, ఎవరూ చావని ఏడాది కూడా దాని కొమ్ములకు నల్లగుడ్డ చుట్టి ఊరేగించాడు.

కొన్నేళ్లకు బీడులో పిడుగుపడి ఆమె మరిది వాస్టిల్ పోయాడు. బుర్గి గంటల్లో గడ్డి కూరింది, గుడ్డ చుట్టింది, మందను దించింది. వీధికి రెండువైపులా చప్పట్లు. ఎవరో ఆడమనిషి పావడా ఊపింది. ఊరివాళ్లు టోపీల మీద చేతులు వేశారు గాని తీయలేదు. తీస్తే అతిథులు ఎందుకని అడుగుతారు.

"మా మరిది చనిపోయాడు," అంది బుర్గి, ఫోటో తీస్తున్న ఒకాయనతో.

ఆయన మర్యాదగానే తలూపాడు. ఆవు కనబడటం లేదు, కాస్త జరగమన్నాడు.

ఆమె జరిగింది.