స్టీలు గ్లాసులో రెడ్ వైన్

రాజోలు దగ్గర మా ఊళ్లో పెళ్లయినా, సంతర్పణయినా వంటవాడు మొదటి గరిటె మా పెదనాన్నగారి అరచేతిలో వేసేవాడు. ఆయన చప్పరించి, కళ్లు మూసుకుని, "ఉప్పు చాల్లేదండీ" అనో, "ఆయ్, దింపేయండి" అనో అన్నాకే కూర పొయ్యి దిగేది. ఆయనకు కొబ్బరి తోట ఉంది, వరి చేలున్నాయి. గర్వం మాత్రం నాలుక ఒక్కదాని గురించే.

ఒక వానాకాలం ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ రుచి తిరిగి రాలేదు. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియని స్థితిలో ఉండి కూడా ఆ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు. చెబితే ఊళ్లో ఆ అరచేతిలో ఇంకెవరు గరిటె వేస్తారు? వంటవాడి మొహంలో ధైర్యాన్ని బట్టి తీర్పు చెబుతూ నెట్టుకొచ్చారు. అదే జ్వరంలో పెద్దమ్మ, ఆయన లేచి తిరిగితే ఇక మత్తు చుక్క ఆయన నోట పడనివ్వనని అంతర్వేది స్వామికి మొక్కుకుంది.

తొంభైల చివర్లో, మా మేడ మీద అద్దెకుండే తాటిపాక గ్యాస్ ఇంజనీరుగారు విదేశంలో ట్రైనింగ్ ముగించుకుని రెడ్ వైన్ సీసాతో దిగారు. "బాగా గట్టి రకమండీ. దీనికి పక్కన ఏం తినాలో మీరే తేల్చాలి" అని ఒక ఆదివారం దాన్ని పెదనాన్నగారి ముందు పెట్టారు. కబురు పాకి అరుగంతా నిండిపోయింది. పెదనాన్నగారి మెడ మీద చెమట చూసి ఉక్కపోత అనుకున్నాను.

బిరడా ఊడలేదు. చివరికి పప్పుగుత్తి కాడతో లోపలికే తోసేశారు. ఇంజనీరుగారు గాజు గ్లాసులు అడిగారు. మా ఇంట్లో ఉన్నవన్నీ పేర్లు చెక్కిన స్టీలు గ్లాసులే. ఆయన బాధపడుతూనే వాటిల్లో పోశారు. "పళ్లెంలో పెట్టి ఇవ్వాలండీ, మర్యాద కాదూ" అని పెద్దమ్మ గ్లాసులన్నీ లోపలికి పట్టుకెళ్లి, మళ్లీ తెచ్చి పంచింది.

ఇంజనీరుగారు గ్లాసు గుండ్రంగా తిప్పమంటే తిప్పాం. వాసన చూడమంటే చూశాం. తాగాక మొహాలన్నీ పచ్చి వక్క నమిలినట్టు ముడుచుకుపోయాయి. పెదనాన్నగారు ఆ మొహాలన్నిటినీ ఓరకంట చూసి, నోట్లో పుక్కిలించి, మింగి, కళ్లు మూసుకున్నారు.

"వగరుందండీ. అడుగున కాస్త నేల వాసన. దీనికి పనసపొట్టు కూరే జోడీ."

ఇంజనీరుగారు చేతులు జోడించారు. ఆ పూట మా ఇంట్లో వంట కూడా పనసపొట్టు కూరే. అందులోని ఆవ ఘాటూ, వైన్ వగరూ కలిసేసరికి అందరి ముక్కులూ మండిపోయాయి. అయినా పెదనాన్నగారి తీర్పు కాదనే ధైర్యం ఎవరికీ లేదు. "దివ్యంగా కుదిరిందండీ" అంటూ కళ్లనీళ్లతో ఒకరికొకరు మారు వడ్డించుకున్నారు. ఇంజనీరుగారు తరవాత ఏ ఊరు బదిలీ అయినా అతిథులకు అదే పెట్టేవారట.

పెద్దమ్మ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఆయన్నే చూస్తోంది. లోపల ఆవిడ చేసిన పని ఆయన పోయాక నాకు చెప్పింది. మొక్కు నిలబెట్టుకోవడానికి ఆయన గ్లాసులో వైన్ పారబోసి, పొద్దుటి మిరియాల చారు పోసిందట. ఒక్క గుటకలో కనిపెట్టేస్తారు, నలుగురిలో కేకలేస్తారు అని సిద్ధపడే వచ్చిందట. రోజూ తన చేత్తో పెట్టే చారును ఆయన గుర్తుపట్టలేదు. అది చెబుతుంటే అన్నేళ్ల తరవాత కూడా ఆవిడకు ఏడుపొచ్చింది.

ఆయన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. తరవాత వచ్చిన పెళ్లిలో, ఎప్పుడూ లేనిది, పొయ్యిల దగ్గరకు వచ్చింది. "ముందు నాకు వెయ్యి బాబూ, ఈయనకు వేడి పడదు" అని గరిటె తన చేతిలో వేయించుకుంది. రుచి చూసి, కండువా సర్దుతున్నట్టు ఆయన మీదికి వంగి ఏదో అంది.

పెదనాన్నగారు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. తరవాత అరచెయ్యి చాపి, వేసింది చప్పరించి, కళ్లు మూసుకున్నారు.

"ఉప్పు చాల్లేదండీ" అన్నారు.