నాలుగు వందల పన్నెండు మాటలు

నర్సీపట్నం బస్టాండులో ఏ వేళ నిలబడినా ఒక ఆడగొంతు వినిపిస్తుంది. ఫలానా ఊరు వెళ్ళు బస్సు ఫలానా ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది అని చెబుతుంది. తొందర లేని గొంతు. పూజగదిలో ఎవరో స్తోత్రం చదువుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు కామమ్మది. ఆమె ఆ బస్టాండు గేటు పక్కనే మత్స్యరాజు టీకొట్టులో గ్లాసులు కడుగుతూ, తన గొంతు తానే పొద్దస్తమానం వింటూ ఉండేది. టీ తాగడానికి వచ్చేవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు.

కామమ్మది మాకవరపాలెం దగ్గర పల్లె. పదో తరగతి వరకు చదివింది. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. బస్టాండులో మైకు ముందు కూర్చునే పని ఎవరో పుణ్యాత్ములు ఇప్పిస్తే పన్నెండేళ్ళు చేసింది. పొద్దున్నే ఉపమాక వెంకన్న పటానికి దండం పెట్టుకుని మైకు మీట నొక్కేది.

ఆ రోజుల్లో ఆమె చెప్పేది బస్సుల వేళలు మాత్రమే కాదు. మైకు గదికి ఒక చువ్వల కిటికీ ఉండేది. దానిలోంచి బస్టాండంతా కనిపించేది. కొయ్యూరు ఆఖరి బస్సు కదలబోతుంటే, గేటు దగ్గర ఎవరో నెత్తిన మూటతో పడుతూ లేస్తూ రావడం ఆమె కంటబడేది. వెంటనే మైకులో, "కొయ్యూరు డ్రైవరు గారూ, రెండు నిమిషాలండి, ఒక పెద్దావిడ వస్తున్నారు" అనేది. డ్రైవర్లు విసుక్కునేవారు, కానీ ఆగేవారు. కొండమీద ఊళ్ళవాళ్ళకి ఆ బస్సు తప్పితే బస్టాండు గచ్చే పడక. అలా ఎంతమందిని ఇళ్ళకి చేర్చిందో ఆమెకే లెక్క తెలియదు.

ఏడేళ్ళ కిందట మైకు పని కంప్యూటరుకి మారింది. మైకుసెట్ల షాపు తాతాజీ తన వెనకగదిలో గోడలకి బొంతలు వేలాడదీసి, రెండురోజులపాటు కామమ్మ చేత మాటలు చెప్పించి రికార్డు చేశాడు. వాక్యాలు కాదు, విడివిడి మాటలు. ఊళ్ళ పేర్లు, అంకెలు, ‘వెళ్ళు’, ‘నుండి’, ‘బయలుదేరుటకు’. కొయ్యూరు అన్న ఒక్క మాటే ఇరవైసార్లు చెప్పించాడట. మొత్తం నాలుగు వందల పన్నెండు మాటలు. వాటిని కంప్యూటరు తనకు కావలసినట్టు కూర్చుకుంటుంది. ఆ పని అయ్యాక ఇక మనిషి అక్కర్లేదు. కామమ్మ ఎవరినీ నిందించలేదు. మత్స్యరాజు తన కొట్టులోకి రమ్మంటే వెళ్ళింది.

"నువ్వు దిగిపోయినా నీ గొంతు డ్యూటీ దిగలేదే కామమ్మా, పింఛనీ దానికివ్వాలి" అని తాతాజీ ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది. అయితే బస్సు ఒకచోట ఉండి గొంతు మరోచోటు చెప్పినప్పుడు మాత్రం గ్లాసులు వదిలేసి, కంగారుపడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి దారి చూపించేది. "గొంతు నాదేనమ్మా, దానికి కళ్ళు లేవు" అనేది.

ఆమె మైకు ముందున్న కాలంలో శనివారం శనివారం ఆఖరి బస్సు అందుకోవడానికి పరుగెత్తుకొచ్చే పిల్లల్లో కొయ్యూరు పక్క కొండఊరి గౌతమి ఒకతె. హాస్టల్లో చదువుకునేది. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే ఒక ఫోటో స్టూడియోలో పని. ఫోనులో వీడియోలు చూసి బొమ్మల సినిమా తియ్యడం నేర్చుకుంది. స్టూడియోలో పనిలేని వేళల్లో రెండేళ్ళుగా ఏడు నిమిషాల సినిమా ఒకటి చేస్తోంది.

అందులో రాబోయే కాలపు పట్నం ఒకటి. మబ్బుల్లోకి లేచిన మేడలు, ఎడతెగని వాన, నీళ్ళలో వణికే రంగురంగుల దీపాలు. మనుషుల్లాగే ఉండే మరమనుషులు అక్కడ అన్ని పనులూ చేస్తారు. వాళ్ళకి పేర్లుండవు, మెడ వెనక అంకెలుంటాయి. ఏడో నెంబరు ఒక ఆడ మరమనిషి. పట్నం పొలిమేర తలుపు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి దారులు చెబుతుంది. ఒకరోజు తనకీ ఆ తలుపు దాటి పోవాలనిపిస్తుంది. తలుపు అడుగుతుంది, నువ్వెవరు అని. ఏడో నెంబరుకి ఊళ్ళన్నిటి పేర్లూ వచ్చు. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈ కథ తట్టింది టీకొట్టు ముందే. గౌతమి ఒకనాడు టీ తాగుతూ, పైన గొంతు వినిపించే మైకునీ కింద గ్లాసులు కడిగే మనిషినీ మార్చి మార్చి చూసిందట. ఏడో నెంబరుకి నీ గొంతే కావాలి పిన్నీ అని అడిగింది. కామమ్మ సిగ్గుపడి, తర్వాత చూద్దాంలే అంది.

ఆ ‘తర్వాత’ అన్నది ఎంత కొద్దిదో ఇద్దరికీ తెలియదు. చలికాలం మొదట్లో కామమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబనుకుంది. మిరియాల కషాయాలు తాగింది. ఎండాకాలం వచ్చాక చివరికి విశాఖలో డాక్టరు చూసి స్వరపేటికలో పుండు ముదిరిందనీ, దాన్ని తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పనీ చెప్పాడు. తీసేస్తే మాట ఉండదు. సోమవారం ఆపరేషన్ అన్నారు, ఆదివారమే వచ్చి చేరమన్నారు.

ఆ కబురు తెచ్చుకున్నది బుధవారం సాయంత్రం. ఆమె నేరుగా స్టూడియోకి వెళ్ళింది. కుర్చీలో కూర్చుంది. ఊపిరి కూడదీసుకుంటూ, మాట మాటకీ ఆగుతూ బొంగురుగా అంది:

"ఊరందరికీ నా గొంతు తెలుసు. నా పేరు ఎవులికీ తెలీదు. రేపు పైకెళ్తే, ఎవులివే నువ్వని దేవుడడిగితే, బస్సు నెంబరు సెప్తానేటో. ఆ గుమ్మం కాడ మాట నాసేత సెప్పించీ గౌతమీ. బేగి సెప్పించీ."

గౌతమి రాసుకున్న మాట చిన్నదే. తలుపు నువ్వెవరని అడిగినప్పుడు ఏడో నెంబరు తనకు తానే ఒక పేరు పెట్టుకుని చెప్పాలి. ఆ పేరు ఏదన్నది అప్పటిదాకా ఖాళీగా ఉంచింది. ఆ రాత్రే అక్కడ కామమ్మ అని రాసుకుంది.

గురువారం స్టూడియో తలుపులు మూసి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా మొదలుపెట్టారు. రాత్రికి రాత్రే గొంతు ఇంకా పూడుకుపోయింది; కామమ్మ నోరు తెరిస్తే గాలి వచ్చింది. మాట రాలేదు. వేణ్ణీళ్ళ ఆవిరి పట్టి మళ్ళీ చేశారు. ‘నేను’ అన్న మాట సగం పలికి, మిగతా సగం దగ్గులో పోయింది. శుక్రవారం అదీ రాలేదు. పన్నెండేళ్ళు రోజంతా మాట్లాడినా ఒక్కనాడూ అలసిపోని మనిషి, రెండు మాటల కోసం నరాలు ఉబ్బేలా పెనుగులాడుతుంటే గౌతమి చూడలేక మైకు ఆపేసింది. కామమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ మీట దగ్గర పెట్టింది.

ఆ సాయంత్రం గౌతమి తాతాజీ దగ్గరికి పరుగెత్తింది. పాత రికార్డులో ఆ మాటలు ఎక్కడైనా ఉన్నాయేమోనని ఆశ. తాతాజీ ఆ పూట ఎగతాళి చెయ్యలేదు. అప్పటి డిస్కు వెతికి తీసి, కొట్టు మూసే వేళ దాటిపోయినా కూర్చుని నాలుగు వందల పన్నెండు మాటలూ ఒక్కొక్కటే వినిపించాడు. అనకాపల్లి ఉంది, తుని ఉంది, చింతపల్లి ఉంది. ‘దయచేసి’ ఉంది. ‘నేను’ లేదు. ‘కామమ్మ’ లేదు. బస్సుల వేళలు చెప్పడానికి వాటితో పనేముంది? "అప్పుడు పేరు కూడా సెప్పమని ఉంటే సెప్పీసుండును, నాకు తోసనేదు" అని తాతాజీ తల పట్టుకున్నాడు.

శనివారం గౌతమి ఇంకో దారి పట్టింది. ఇప్పుడు కంప్యూటరుకి ఒక గొంతు వినిపిస్తే చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా అది పలుకుతుంది కదా. ఆ నాలుగు వందల పన్నెండు మాటలూ దానికి వినిపించి, కావలసిన మాట టైపు చేసింది. కంప్యూటరు అంది: ‘నేను కామమ్మను.’ తేటగా, తడుముకోకుండా, ఏడేళ్ళ కిందటి గొంతుతో. గౌతమికి కళ్ళనీళ్ళొచ్చాయి. పని గట్టెక్కిందనుకుంది.

కామమ్మ రెండుసార్లు విన్నది. తల అడ్డంగా ఊపింది. కాగితం తీసుకుని రాసింది. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉన్నాయి.

‘నా గొంతే. కాని నేను అనలేదు. బస్సు వచ్చిందని చెప్పినట్టే చెప్తోంది.’

గౌతమి ఆ కాగితం మళ్ళీ చదివింది. తన సినిమాలో మరమనిషి పడే బాధే అది. అయినా తనకే ఆ సంగతి తట్టలేదు. కంప్యూటరు చెప్పిన మాట ఆమె ఎదుటే తుడిపేసింది. ఇక మిగిలింది ఒక్క పూట.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర బస్సు. మత్స్యరాజు కొట్టు తెరవగానే ఫ్లాస్కు నిండా పాలు పోసి సంచిలో పెట్టాడు. గౌతమి స్టూడియోకి సెలవు చెప్పి తోడు బయలుదేరింది. పైన మైకులో గొంతు, విశాఖపట్నం వెళ్ళు బస్సు మూడవ ప్లాట్‌ఫారం నుండి అని చెప్పింది. ఇద్దరూ వెళ్ళి మూడో ప్లాట్‌ఫారం బల్లమీద కూర్చున్నారు. ఆ గొంతుకి కళ్ళు లేవని పదిమందికి చెప్పిన కామమ్మ ఆ పూట తలెత్తి చూడలేదు. తన నోటి మాట తనే నమ్మింది. మూడో ప్లాట్‌ఫారంలో ఒక బస్సు చెడి ఆగిపోవడంతో విశాఖ బస్సును ఐదోదానికి మళ్ళించారు.

ఆ బస్సు ఐదోదాంట్లోంచి కదిలిపోవడానికి వెనక్కి వస్తున్నప్పుడు దాని బోర్డు ముందుగా కామమ్మ కంటనే పడింది. లేచింది. చెయ్యెత్తి కేకెయ్యబోయింది. నోరు తెరిచి ఉంది, మెడ నరాలు లాగి ఉన్నాయి, శబ్దం లేదు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆమె గొంతే, ఆ బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని మరోసారి చెప్పింది. తోటివారి కోసం ఎన్ని బస్సులు ఆపిందో, తన బస్సు ఆపుకోవడానికి ఒక్క మాట లేకపోయింది. సంచి చేతిలోంచి జారింది. అప్పటికే గౌతమి అరుస్తూ పరుగెడుతోంది గాని, ఇంజను రొదలో ఎవరికీ వినబడలేదు.

ఆపింది అప్పాయమ్మ. కొండమీద నుంచి పనసతొనలు తెచ్చి బస్టాండులో అమ్ముకునే ముసలామె. కామమ్మ చెయ్యెత్తడం చూసి, తొనల తట్ట తీసుకెళ్ళి బస్సు చక్రాల ముందు పెట్టి, దాని పక్కన తను నిలబడింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటే ముసలీ, పొద్దున్నే నాకు పాపం సుడతావా?" అన్నాడు.

"కామమ్మ గారు ఎక్కాల," అంది అప్పాయమ్మ. "నాకోసం ఎన్నిసార్లాపిందో. రెండు నిమిషాలాగు బాబూ."

డ్రైవరు అటు చూశాడు. అతను పాత డ్రైవరే, ఆమెను గుర్తుపట్టాడు. ఇంజను ఆపేసి దిగి, పడిన సంచి తీసి భుజానికి వేసుకుని, రండమ్మా అంటూ చెయ్యి అందించాడు. లోపల ముందు సీటువాళ్ళు లేచి చోటిచ్చారు. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటానన్నట్టు అతను మెట్టుమీదే నిలబడిపోయాడు.

కామమ్మ కూర్చుంది. కొంతసేపటికి గౌతమి భుజం తట్టి, ఫోను తియ్యమని సైగ చేసింది. ఇక్కడా పిన్నీ, ఇంత గోలలోనా అని గౌతమి అంటూనే తీసి నోటి దగ్గర పెట్టింది. మొదటిసారి గాలి. రెండోసారి దగ్గు, రుమాలుకి రక్తపు చార. గౌతమి ఫోను వెనక్కి లాక్కోబోయింది. కామమ్మ వదల్లేదు. కళ్ళు మూసుకుంది. ఏ దేవుణ్ణి తలుచుకుందో ఆ దేవుడికే తెలియాలి.

"నాను... కామమ్మనండి."

గరుకుగా, ఇసకలో ఈడ్చినట్టు వచ్చింది. అదే క్షణాన బయట మైకు, కొయ్యూరు వెళ్ళు బస్సు అని మొదలుపెట్టింది. ఫోనులో రెండూ పడ్డాయి. ఒకటి తేటగా, ఒకటి చీలిపోయి. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. మళ్ళీ చెప్పమనడానికి గౌతమికి నోరు రాలేదు. చెప్పడానికి కామమ్మకి ఇంకేమీ మిగల్లేదు.

సోమవారం ఆపరేషన్ అయింది.

నాలుగోరోజుకి మెడలో గొట్టంతో లేచి కూర్చుంది. తలగడ పక్కన పలక, బలపం ఉన్నాయి. రాత్రుళ్ళు నోరు తెరిచి ఏడ్చేదట, పక్క మంచంవాళ్ళకి కూడా వినబడకుండా. ఆపరేషన్ అయ్యాక నర్సీపట్నం తిరిగి వెళ్ళిన గౌతమి, ఆ బస్సులో ఫోనులో పడిన మాటను శుభ్రం చెయ్యకుండా, వెనక గొంతు తుడపకుండా, ఉన్నదున్నట్టు ఏడో నెంబరు నోట పెట్టి ఆ ముక్క కామమ్మ ఫోనుకి పంపింది. అది విన్నాక తలుపు తెరుచుకుంటుందో లేదో ఆ బొమ్మలు ఆమె ఇంకా వెయ్యలేదు.

ఆ పూట కొత్త నర్సు డ్యూటీకి వచ్చింది. మంచానికి కట్టిన చీటీ మీద పేరు చెరిగిపోయి ఉంది. పేరేమిటమ్మా అని అడిగి, అంతలోనే గొట్టం చూసి నాలిక కరుచుకుని, పలక అందించబోయింది.

కామమ్మ పలక తీసుకోలేదు. దిండు కింద నుంచి ఫోను తీసి నొక్కింది. తెరమీద వాన కురుస్తోంది. ఏడో నెంబరు పెదవులు కదిలాయి.

వార్డులో గోల. నర్సు వంగి ఫోనుకి చెవి ఆనించింది. వెనక బస్సేదో పిలుస్తున్నారమ్మా, మీ పేరు సరిగ్గా అందలేదు, ఇంకొక్కసారి పెట్టండి అంది.

కామమ్మ మళ్ళీ నొక్కింది.