ఎడమ డబ్బాలో దొరికిన అపస్వరం

ఆర్థర్ గారి స్పీకర్ల సంగతి తెలియదన్నవాడు మౌలాలిలో నిన్ననే దిగి ఉంటాడు. నడుమెత్తు చెక్క డబ్బాలవి, పాతకాలం సరుకు. వాటి బేసు తగిలితే మూడో ఇంట్లో చేటలో కందిపప్పు దానంతటదే చెరుక్కుని, రాళ్లు ఓ పక్కకి తప్పుకుంటాయి. చూసినవాళ్లున్నారు.

రైల్వేలో గుమాస్తాగా రిటైరైన ఆయనకి తెగని తగాదా ఒక్కటే మిగిలింది. కుర్రతనంలో చర్చి క్వయిర్ పాడిన క్రిస్మస్ పాటని ఎడమకొకటి, కుడికొకటి రెండు మైకులు పెట్టి క్యాసెట్ చేశారు. చివరి చరణంలో ఒక మంద్రపు బేసు గొంతు జారింది. బేసు పాడింది ఇద్దరే. ఎడమ కొసన ఆర్థర్, కుడి కొసన ఆయన బావమరిది హెన్రీ. నువ్వంటే నువ్వనుకుంటూనే ఇద్దరికీ జుట్టు నెరిసింది, నెరిసింది ఊడింది. ఆ స్పీకర్లు పాతబడి గొంతులన్నీ ఖిచిడీ అయ్యి దొంగ దొరికేవాడు కాదు.

ఈ క్రిస్మస్‌కి పాత క్వయిర్‌నే మళ్లీ పాడమన్నారు పాస్టరు గారు. బేసుకి మాత్రం ఒక్కరే చాలన్నారు. ఆర్థర్ నడుం బిగించాడు.

స్పీకర్లలో చివికిన ఫోమ్ పీకి కొత్తది అతికించాడు. లోపల కెపాసిటర్లు మార్చాడు. డబ్బాల్ని గోడకి దూరంగా లాగి, మొహాలు కాస్త లోపలికి తిప్పి, ఎదురుగా కుర్చీ వేశాడు. అందులో కూర్చుంటే ఎవరెక్కడ నిలబడి పాడారో వేలు పెట్టి చూపించొచ్చట. ఈ దెబ్బకి డైనింగ్ టేబుల్ వరండాకీ, ఫ్రిజ్ పడగ్గదికీ వలసపోయాయి. ఆయన భార్య మేబెల్, అప్పట్లో తమ్ముడు హెన్రీ పక్కనే నిలబడి పాడినావిడ, ఫ్రిజ్ గురకకీ మొగుడి గురకకీ మధ్య పడుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక హెన్రీని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"విను బామ్మర్దీ. మనుషులు బొంకుతారు గానీ ఇవి బొంకవు."

క్యాసెట్ తిరిగింది. గొంతులు గదిలో వరసగా నిలబడ్డాయి. చివరి చరణంలో అపస్వరం వచ్చింది, సరిగ్గా ఎడమ కొస నుంచి.

హెన్రీ తన బావ మొహం చూడలేదు. "అక్కా, జెర ఆ బిస్కెట్ల ప్లేటు ఇటియ్యి" అన్నాడు.

ఆర్థర్ డబ్బాల వెనక్కి దూరాడు. వైర్లు తారుమారయ్యాయని తేల్చి, అటుది ఇటు, ఇటుది అటు బిగించి మళ్లీ పెట్టాడు. ఈసారి అపస్వరం బుద్ధిగా కుడి నుంచి వచ్చింది. ఆర్థర్ మీసం దువ్వాడు.

"ఏవండీ," అంది మేబెల్, "మరి నా గొంతు ఎడమకెలా పోయింది? పెళ్లికి ముందే నేనొచ్చి మీ పక్కన నిలబడ్డానా? మా నాన్న ఊరుకునేవాడా?"

క్రిస్మస్‌కి బేసు హెన్రీయే పాడాడు. అంత వినికిడి ఉన్న మనిషి కదా అని మైకులు సర్దే పని ఆర్థర్‌కి అప్పజెప్పారు. సర్దాడు. మేబెల్ మైకు మేబెల్ ముందే ఉంది. హెన్రీ మైకు మాత్రం దాదాపు అవతలి పేటలో, ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంది.