ప్లాస్మా పెట్టెలో నూలుగుడ్డ

మెదక్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ సామానంతా ఇరవై రెండేళ్లుగా బద్రున్నీసా చేతుల మీదుగానే పోతుంది. కడగడం, ఆరబెట్టడం, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టడం ఆమె పని. ఆమె కట్టిన మూటలో క్రిమి అనేది మిగలదని డాక్టర్ రఘుపతి నలుగురిలో అనేవాడు. ఆ మాట ఆమెకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

రెండు నెలల కిందట కొత్త యంత్రం వచ్చింది. కడుపులోకి పంపే కెమెరా గొట్టాలు ఆవిరి వేడికి పాడవుతాయి. ఈ పెట్టెలో గాలి తీసేసి, మందు ఆవిరి వదిలి, కరెంటుతో దాన్ని ప్లాస్మా అనే మెరిసే వాయువుగా మారుస్తారు. అంత వేడి లేకుండానే క్రిములు చస్తాయి. బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"కాటన్ పెట్టొద్దమ్మా, మందునంత పీల్చుకుంటది. మా షీట్లల్లనే చుట్టాలె. మూట లోపట ఈ రంగు మారే కాయితం పట్టీ పెట్టుండ్రి. ఎరుపు పోయి పసుపైతెనే పనైనట్టు."

"వాని షీట్లు అమ్ముకునేతందుకు ఎన్నన్న చెప్తడు" అని నర్సు స్నేహలత దగ్గర నవ్వింది బద్రున్నీసా. ఉల్లిపొరలాంటి ఆ షీటు మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ముందు నూలుగుడ్డ చుట్టి, పైన షీటు కప్పేది. పట్టీని పాత అలవాటు కొద్దీ మూట పైన అంటించేది. అది ప్రతిసారీ పసుపయ్యేది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ మంగళవారం ఆపరేషన్ ఆమె కూతురు ఉమ్మె హానీకే. పిత్తాశయంలో రాళ్లు. తల్లి మనసు ఊరుకోక, మెత్తని గుడ్డ ఏరి రెండు మడతలు చుట్టింది. పైన అంటించినది చాలదనిపించి, మొదటిసారిగా లోపల కూడా ఒక పట్టీ పెట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కూతురు కళ్లు తెరిచి "అమ్మీ" అన్నాక, బద్రున్నీసా తేలికైన మనసుతో పనిలో పడింది. ఆపరేషన్‌లో వాడిన గొట్టాలు, చుట్టిన గుడ్డతో సహా, కడగడానికి వచ్చాయి. గుడ్డ దులిపితే పట్టీ జారిపడింది. ఎర్రగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసినా ఎరుపే.

పట్టీని ఇంకా ఎవరూ చూడలేదు. చెత్తడబ్బాలో పడేస్తే పేరూ ఉద్యోగమూ రెండూ నిలుస్తాయి. కానీ పక్క గదిలో ఉన్నది కన్నబిడ్డ. పరుగున డాక్టరు దగ్గరికి పోయింది.

"సార్, నాతోని తప్పయింది. నూలుగుడ్డల చుట్టిన, లోపటి పట్టీ ఎర్రగనే ఉన్నది. నా బిడ్డను కాపాడుండ్రి."

ఆయన అరవలేదు. పట్టీ చూసి, రక్తపరీక్షలు, మందులు రాసి స్నేహలతను పంపాడు. "జల్ది చెప్పినవ్, మంచిదే. కనిపెట్టి చూస్కుందాం" అన్నాడు. బద్రున్నీసాకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దాకా పోయాక డాక్టరు వెనక నుంచి పిలిచాడు.

"బద్రున్నీసా, గుడ్డ ఇయ్యాల ఒక్కదినమే కట్టినవా?"

"మిషన్ వచ్చిన దినం సంది, సార్" అంది.

డాక్టరు ఆపరేషన్ల రిజిస్టరు తీసి రెండు నెలలు వెనక్కి తిప్పాడు. ముప్పై ఆరు పేర్లు తేలాయి. మొదటిది హవేలిఘనపూర్ బాలనర్సమ్మ. కుట్ల దగ్గర చీము పట్టిందని ఆమె రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు, "పొలంల తిరిగితె చీము పట్టదా? సాఫ్ ఉంచుకోవాలని తెల్వదా?" అని అందరి ముందూ ఆమెను గద్దించింది బద్రున్నీసానే.

ఇప్పుడు సిగ్గుతో, భయంతో ఫోను తనే అందుకుంది. అవతల బాలనర్సమ్మ కొడుకు ఎత్తాడు.

"అమ్మకు మూడొద్దుల సంది జరం దిగుతలేదమ్మా" అన్నాడు. "దవాఖానకు పోదామంటె, మీరు మల్ల తిడ్తరని వస్తలేదు."