నడుముకో పాట, మోకాలికో పాట

ఎమ్మారై స్కానింగ్ తీసేవాళ్ళు లోకంలో వేలమంది ఉంటారు. కానీ ఆస్ట్రేలియా రాక్ బ్యాండు చెవుల్లో మోగందే మనిషిని యంత్రంలోకి పంపనని భీష్మించుకు కూర్చున్నవాడు ఒక్కడే. ఆయన్ను ఆ స్కానింగ్ సెంటర్లో అందరూ బాబాయ్ అనేవారు.

ఆ బ్యాండు పేరు తెలియనివాళ్ళు తక్కువ. వాళ్ళ బొమ్మ ఉన్న చొక్కాలు తాతలూ తొడుక్కుంటారు, మనవలూ తొడుక్కుంటారు. అదేం తప్పు కాదు. ఎవరి పిచ్చి వారికానందం. కానీ బాబాయ్ పిచ్చి బాబాయ్ దగ్గరే ఆగేది కాదు, అదే వచ్చిన చిక్కు.

యంత్రం లోపల దబదబమని ఒకటే మోత కాబట్టి వచ్చినవాళ్ళ చెవులకి హెడ్‌ఫోన్లు పెడతారు. మిగతా చోట్ల ఎవరేం అడిగితే ఆ పాట వేస్తారు. బాబాయ్ కూడా అడిగేవాడు. ఎంతో మర్యాదగా, చేతులు కట్టుకుని మరీ అడిగేవాడు.

“ఏం పాటలు పెట్టమంటారండీ?”

“పాతవేమైనా పెట్టండి బాబూ, మెల్లగా ఉండేవి.”

“ఆహా, ఎంత మంచి అభిరుచండీ! అవి మాత్రం లేవు. ఇంకేదైనా చెప్పండి.”

“పోనీ, వేణువు?”

“దివ్యంగా ఉంటుంది. అదీ లేదు. నాకు ప్రాణంకంటే ఇష్టమైన పాట ఒకటుంది. మీకని పెడతాను, కాదనకండి.”

కాదనేలోపు బల్ల లోపలికి జరిగిపోయేది. చెవుల్లో డ్రమ్ములు, వాటిమీద ఎలక్ట్రిక్ గిటార్లు, వాటిమీద తలుపు సందులో వేలు ఇరుక్కున్న మనిషిలా ఒక గొంతు. ఇంక ఆ జీవి ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి.

అలా బయటికొచ్చినవాళ్ళ మొహాలు చూడవలసిన ఉద్యోగం రిసెప్షనిస్టుది. మూడేళ్ళ నుంచి ఆ అమ్మాయి ముందు కౌంటర్లో కూర్చుంటోంది. మొదటి రోజున ఒక రిటైరైన హెడ్మాస్టరు స్కానింగ్ గదిలోంచి వచ్చాడు. నలభై ఏళ్ళు పిల్లల్ని “సైలెన్స్!” అని గదిమిన మనిషి. ఆయన పై గుండీ ఊడిపోయి ఉంది, జుట్టు లేచి ఉంది. కౌంటరు మీద రెండు చూపుడువేళ్ళతో టకటకా వాయిస్తూ, “అమ్మాయ్, ఆ బ్యాండువాళ్ళు ఇంకా బతికే ఉన్నారా?” అని అడిగాడు. రిసెప్షనిస్టు కంగారులో రిపోర్టు ఇవ్వబోయి తన టిఫిన్ డబ్బా ఆయన చేతికిచ్చింది. ఆయన కూడా చూసుకోకుండా తీసుకుపోయాడు.

ఫిర్యాదుల పుస్తకం ఆ అమ్మాయి దగ్గరే ఉండేది. అందులో ఒక కూతురు ఇలా రాసింది: “మా నాన్నని మోకాలు చూపించడానికి తీసుకొచ్చాం. మోకాలు బాగానే ఉందన్నారు. ఇప్పుడు నాన్నే బాగాలేడు. పొద్దున్నే లేచి గిన్నెలమీద గరిటెతో వాయిస్తున్నాడు.” చదివి రిసెప్షనిస్టు నోరు వెళ్ళబెట్టింది. అది మూసుకునేలోపు ఇంకో ఫిర్యాదు వచ్చింది.

కంట్రోల్ గదిలో, యంత్రం కనిపించే అద్దం పక్కన బాబాయ్ ఒక కాగితం అంటించుకున్నాడు. పైన ‘నాకు బాగా ఇష్టమైన పది పాటలు’ అని రాసుంది. కింద ఒక్క పాటకీ అసలు పేరు లేదు. నెత్తి పాట, మెడ పాట, నడుం పాట, భుజం పాట, మోకాలి పాట, ఇదీ వరస.

“పాటకి మోకాలేమిటి బాబాయ్ గారూ?” అని ఓసారి అడిగింది రిసెప్షనిస్టు.

“వింటే నీకే తెలుస్తుందమ్మాయ్.”

“వద్దులెండి, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.”

ఆ వరస కూడా ఒక్కలా ఉండేది కాదు. కంపెనీవాళ్ళు వచ్చి యంత్రం బాగుచేసి వెళ్ళిన రోజున బాబాయ్ మొహం వేలాడేసుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. “మెడ పాట నాలుగో చోటుకి పడిపోయిందమ్మాయ్,” అన్నాడు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డ రిసెప్షనిస్టుకి, సంగతి ఇదని తెలిశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంతలో ఆ అమ్మాయి నెత్తినే పిడుగు పడింది. వాళ్ళ అత్తగారికి నడుం పట్టేసి, కుడికాలు తిమ్మిరెక్కి, చివరికి కాలు నేలమీద ఆనుతోందో లేదో తెలియని స్థితికొచ్చింది. డాక్టరు నిక్కచ్చిగా చెప్పేశాడు. గురువారం ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే ఆ కాలు మళ్ళీ మాట వినదు. స్కానింగ్ లేకుండా మాత్రం తను కత్తి పట్టడు.

అత్తగారు మొండిది. ముప్పై ఏళ్ళు సంగీతం టీచరుగా చేసింది. కుక్కర్ విజిల్ తాళం తప్పినా కోడలివైపు గుడ్లురిమి చూసే రకం. ఆవిడకి ఎలకంటే భయం లేదు, దొంగంటే భయం లేదు. ఆ సొరంగమంటే మాత్రం ప్రాణం పోతుంది. అప్పటికే ఇంకో సెంటర్లో రెండుసార్లు లోపలికి వెళ్ళి, రెండుసార్లూ చేతిలోని రబ్బరు బంతి నొక్కేసి బయటికొచ్చింది. భయం వేస్తే నొక్కమని ఇచ్చే బంతి అది, నొక్కితే బయట గంట మోగుతుంది.

“కాలు పోతే పోనీ. ఇంకోసారి అందులోకి పోను,” అంది.

“మా దగ్గరికి రండత్తయ్యా. అందరూ మనవాళ్ళే,” అని బతిమాలి ఒప్పించింది కోడలు. ఒప్పించాక గానీ బాబాయ్ గుర్తురాలేదు. అపస్వరం వింటే అన్నం మానేసే మనిషి చెవిలో ఆ బ్యాండా! ఫిర్యాదుల పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. మేనేజరు కొత్తగా వచ్చినవాడు. పుస్తకం పూర్తిగా చదివాడు. సోమవారం పొద్దున్నే ఆర్డరు వేసి కంట్రోల్ గది గోడకి అంటించాడు: ఇకనుంచి వేణువు మాత్రమే వినిపించాలి. ఆ బ్యాండు మళ్ళీ వినిపిస్తే బాబాయ్ ఉద్యోగం మానుకోవాలి.

బాబాయ్ ఆ కాగితం రెండుసార్లు చదివి, “మంచిదమ్మాయ్,” అన్నాడంతే. ఒక్కమాటైనా తిట్టి ఉంటే ఆ అమ్మాయికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ రోజు పదకొండుమంది లోపలికెళ్ళారు. ఐదుగురు బంతి నొక్కారు. ఇద్దరు కదిలిపోవడంతో స్కానింగ్ మళ్ళీ తీయాల్సొచ్చింది. లారీ నడిపే ఒకాయన, తలుపంత మనిషి, బయటికొచ్చి గోడకానుకుని మంచినీళ్ళు అడిగాడు. మూడేళ్ళలో ఎంతమంది తిట్టుకుంటూ వచ్చినా, ఇలా వణుకుతూ వచ్చినవాళ్ళని రిసెప్షనిస్టు వేళ్ళమీద లెక్కపెట్టగలదు. ఆ రోజు ఎండెక్కువ, అందుకే అనుకుంది.

మంగళవారం అత్తగారొచ్చింది. గొలుసు, ఉంగరం తీసి కోడలి చేతికిచ్చి, చంపడానికి తీసుకెళ్తున్నట్టు చూసింది. చెవుల్లో వేణువు మొదలైంది. మనసు కుదుటపడి కోడలు అద్దం ఇవతల నిలబడింది. యంత్రం దబదబా మొదలైంది. రెండో నిమిషంలో బంతి మోగింది.

బల్ల బయటికొచ్చేసరికి అత్తగారి పెదాలు తెల్లబడి ఉన్నాయి. “వేణువు ఒక దారి, ఆ మోత ఒక దారి. ఎవరో నా పుర్రె పగలగొడుతుంటే పక్కన కూర్చుని ఊదుతున్నట్టుంది. నన్నింటికి తీసుకుపోవే!”

“అత్తయ్యా, గురువారం...”

“గురువారం లేదు, శుక్రవారం లేదు!”

రిసెప్షనిస్టుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈవిణ్ణి ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ ఏ సెంటర్ గుమ్మమూ ఎక్కదు. ఆ కాలు ఇక అంతే. అప్పుడు బాబాయ్ వెనకనుంచి మెల్లగా, “అమ్మాయ్, మేనేజరుగారు ఏ గదిలో ఉన్నారు?” అన్నాడు.

“తన గదిలోనే. ఎందుకూ?”

“నడుం పాట పెట్టనా?”

తను విన్నది నిజమేనా అని ఆ అమ్మాయి నివ్వెరపోయి చూసింది. పెళ్ళికావలసిన కూతురున్న మనిషి, ఉద్యోగం పోతుందని తెలిసీ ఆ బ్యాండే అంటున్నాడు! పిచ్చికి కూడా ఒక హద్దుంటుంది. అయినా మునిగేవాడికి గడ్డిపరకైనా ఆధారమే. “పెట్టండి బాబాయ్ గారూ,” అంది.

బాబాయ్ అత్తగారి దగ్గరికెళ్ళి వంగి నిలబడ్డాడు. “అమ్మా, ఒక్కసారి. ఇది నాకు ప్రాణంకంటే ఇష్టమైన పాట. నచ్చకపోతే నన్ను తిట్టండి, కానీ మూడు నిమిషాలు విన్నాక తిట్టండి. తాళం మనసులోనే వేసుకోండి, వేలు కదపకండి.” తాళమనే మాట వినగానే అత్తగారు నోరు మూసుకుంది.

బల్ల లోపలికెళ్ళింది. డ్రమ్ములు మొదలయ్యాయి. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక నిమిషం అయింది. మూడు నిమిషాలయ్యాయి. బంతి మోగలేదు. ఏడో నిమిషంలో కంట్రోల్ గది స్పీకర్లోంచి గిటారు చప్పుడు నడవాలోకి పాకింది, దాని వెనకే మేనేజరు వచ్చాడు.

“ఏమిటిది? నేనేం రాశాను?”

రిసెప్షనిస్టు రెండు చేతులూ చాపి తలుపుకి అడ్డం నిలబడింది. “సగంలో ఆపకూడదు సార్. లోపల మా అత్తగారున్నారు. ఆపితే మీరే మళ్ళీ లోపలికి పంపాలి, నావల్ల కాదు.” తన గొంతు విని తనే అదిరిపడింది. మేనేజరు ఒకడుగు వెనక్కేశాడు.

ఇరవై రెండు నిమిషాలకి బల్ల బయటికొచ్చింది. బంతి ఎక్కడిదక్కడే ఉంది. ఆవిడ లేచి కూర్చుని, హెడ్‌ఫోన్లు తీసి, “ఎవరయ్యా ఇది కలిపింది?” అంది.

మేనేజరు కూడా లోపలికొచ్చాడు. ఆవిడే మళ్ళీ అందుకుంది.

“యంత్రం నడకా డప్పు నడకా ఒక్కటే. మోత వేగం మారినచోట పాట మారింది. ఏది యంత్రమో ఏది డప్పో నాకే తెలీలేదు, ఇంక భయపడడానికి వీలెక్కడ? ఇది దానంతటది కుదరదు. ఎవరో కూర్చుని కలిపారు.”

బాబాయ్ నేల చూపులు చూశాడు. “కూర్చుని కాదమ్మా, పడుకుని. షిఫ్టు అయ్యాక రోజూ నేనే లోపల పడుకునేవాణ్ణి. మధ్యాహ్నం షిఫ్టు ఆవిడ యంత్రం నడిపేది. రెండేళ్ళు పట్టింది. ఒక్కో అవయవానికి ఒక్కో రకం మోత, అది మారినప్పుడల్లా పాట మారాలి. అందుకే నడుం పాటంటే ఒకటి కాదు, వరసగా కొన్ని. ఎన్నో రకాల పాటలు పెట్టి చూశాను. ఈ బ్యాండు డ్రమ్ములాయన ఒక్కడే మొదలెట్టిన వేగం వదలకుండా చివరిదాకా యంత్రంతో నడిచాడు.”

మేనేజరు ఆర్డరు కాగితం గోడమీంచి తనే పీక్కుని వెళ్ళాడు.

“ఎంత ఇష్టం లేకపోతే ఇంత చేస్తారు,” అంది అత్తగారు.

బాబాయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా అమ్మా? నాకీ పాటలు పరమ తలనొప్పి. ఇంటికెళ్తే ఫ్యాను చప్పుడు కూడా ఓర్చుకోలేను.”

రిసెప్షనిస్టు అద్దం పక్కనున్న కాగితం వైపు వేలు చూపించింది. “మరి ఇష్టమైన పది పాటలని రాశారు! ప్రాణంకంటే ఇష్టమని ప్రతివాళ్ళకీ చెప్పారు!”

“లెక్కలన్నీ చెబితే ఆ యంత్రమే గుర్తొచ్చి ఇంకా భయపడతారమ్మాయ్. నాకిష్టమైంది మీకిస్తున్నానంటే, నన్ను తిట్టుకుంటూ వెళ్తారు. తిట్టుకునేవాడికి భయపడే తీరిక ఉండదు.”

మూడేళ్ళుగా ఫిర్యాదుల పుస్తకాన్ని తను ఎంత శ్రద్ధగా నింపించిందో తలచుకుని ఆ అమ్మాయికి సిగ్గేసింది. “క్షమించండి బాబాయ్ గారూ, మేనేజరుకి చెప్పింది నేనే,” అంది. “తెలుసులే, నీ చంకలో పుస్తకం చూశాను,” అన్నాడాయన.

గురువారం ఆపరేషన్ జరిగింది. రెండు నెలలకి అత్తగారు కర్ర పట్టుకుని తన కాళ్ళమీద తనే సెంటర్‌కి నడిచొచ్చింది. వస్తూనే బాబాయ్‌ని పట్టుకుంది. “మీ నడుం పాటల్లో మూడో పాట చివర్లో యంత్రం కంటే అరక్షణం వెనకబడింది. నాకు తెలిసింది, ఇంకొకళ్ళకి తెలియకముందే మార్చాలి.”

బాబాయ్ మొహం పాలిపోయింది. “అంటే మళ్ళీ అన్నీ వినాలా అమ్మా?”

“వినాలి. నేను కూర్చుని తాళం చూస్తాను.”

ఆయన వాచీ తీసి, తాళంచెవులు తీసి, నిట్టూర్చి బల్లమీద పడుకున్నాడు. అత్తగారు అద్దం ఇవతల మైకు ముందు కూర్చుంది, కోడలు పక్కన నిలబడింది. మధ్యాహ్నం షిఫ్టు ఆవిడ మీట నొక్కింది. ఆ మూడో చోట ఒక పాట పెట్టి చూశారు, ఇంకోటి చూశారు, ఆరోది నడుస్తుండగా అత్తగారి చెయ్యి ఒళ్ళో తాళం తప్పకుండా చక్కగా సాగిపోయింది. మోతా డ్రమ్మూ కలిసి మొదలై కలిసే ఆగాయి.

“ఎలా ఉంది?” అని మైకులో అడిగింది.

“దారుణంగా ఉందమ్మా,” అని లోపలినుంచి బాబాయ్ గొంతు నీరసంగా వచ్చింది. “నడుముకి ఇదే ఖాయం చేసెయ్యండి.”