మాస్టారి పాటలో అన్నం పిలుపు

పటమటలో మా గిటారు మాస్టారు కొత్తగా కంప్యూటర్ కొని, తను వాయించిన ముక్కలకు అందులోనే డ్రమ్స్ జతచేసి పాటలు కట్టేవారు. ఎంత బాగా వాయించినా "ఇంకొక్క టేకండీ" అంటూ మళ్లీ మొదట్నుంచీ రికార్డు చేసేవారు. నా పెళ్లి పాటకూ అంతే. చివరికి కుదిరిన టేకులోకి వంటింట్లోంచి వాళ్లావిడ కేక దూరింది: "అన్నం చల్లారిపోతోందండీ!"

దాన్ని కోసేస్తే గిటారూ తెగుతుందని, మాస్టారు ఆ కేకనే దరువు మధ్య పదేపదే వచ్చేలా పెట్టేశారు.

కంకిపాడు కల్యాణమండపంలో పాట మోగగానే పెళ్లివారంతా నవ్వుతూ ఆ కేక అందుకున్నారు. మాస్టారి పక్కనే కూర్చున్న ఆవిడ ముఖం ఎర్రబడింది. మాస్టారు బిక్కచచ్చిపోయి స్తంభం చాటుకు జరిగారు. ఆవిడ అక్కడికే వెళ్లి నిలదీశారు.

"ముందే చెబితే గొంతు సవరించుకుని పిలిచేదాన్ని కదండీ!"